దొరకని ఫైలు

"తమరు కోరిన దస్త్రం ఈ కార్యాలయ రికార్డుల యందు వెతకగా లభ్యం కానందున సదరు నకలు ఇచ్చుటకు వీలుపడదని తెలియజేయడమైనది."

మా దరఖాస్తుకి జవాబుగా కిందటి నెల రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన ఉత్తరంలో ఉన్నదల్లా ఈ ఒక్క వాక్యం. కింద సంతకం, స్టాంపు, అప్పీలు ఎవరికి చేసుకోవాలో రెండు లైన్లు. నాన్న కళ్లజోడు పెట్టుకుని చదివి, మడిచి, కవర్లో పెట్టేసి, "లేదనలేదు, చూశావా" అన్నారు. నాకు మొదట అర్థం కాలేదు. మళ్లీ తీసి చదివితే నిజమే. ఫైలు లేదని ఎక్కడా రాయలేదు. కాలిపోయిందని గానీ, చెదలు తినేసిందని గానీ, గడువు తీరాక తగలబెట్టామని గానీ లేదు. వెతికారు, దొరకలేదు, అంతే. ఇంగ్లీషులో రాసే ఆఫీసులైతే 'నాట్ ట్రేసబుల్' అంటాయి. ఆ ఫైలు త్రిశంకుడిలా ఎక్కడో మధ్యలో వేలాడుతోందన్నమాట.

సంగతేమిటంటే, మా తాతగారి 2 ఎకరాల 14 సెంట్లు ఒకప్పటి ఇనాం భూమి, అంటే పాతరోజుల్లో పాలకులు శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో ఇచ్చిన మాన్యం. 1956 నాటి ఇనాం రద్దు చట్టం కింద విచారణ జరిగి, అరవైల్లో రైత్వారీ పట్టా (రైతు పేరునే ప్రభుత్వానికి శిస్తు కట్టే హక్కు పత్రం) వచ్చింది. పట్టా కాగితం మా బీరువాలోనే ఉంది. కొన్నేళ్ల కిందట ఆ సర్వే నంబరు 22ఏ జాబితాలోకి, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టీలోకి, ఎలాగో ఎక్కింది. తీయించుకోవడానికి ఎక్కే గుమ్మం దిగే గుమ్మం అయ్యాక, ఆనాటి విచారణ ఫైలు ఉంటే తప్ప పని కాదన్నారు. ఫైలు నంబరు పట్టా మీదే ఉంది. నంబరు ఉండి కూడా ఫైలు దొరకలేదు.

విచిత్రం ఏమిటంటే, అదే భూమికి అంతకు వందేళ్ల ముందు రాసిన కాగితం మాత్రం దొరికింది. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసి ఊరూరా విచారణ జరిపి రాయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు అది. 2009లో నాన్న హైదరాబాదు తార్నాకలో పాత ప్రభుత్వ కాగితాలు దాచే స్టేట్ ఆర్కైవ్స్‌కి వెళ్లి ఊరి పేరు, టైటిల్ డీడ్ నంబరు రాసిచ్చారు. మా ఊరి పేజీ నకలు చేతికొచ్చింది. ఇనాం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, మాగాణి ఎంత, మెట్ట ఎంత, అప్పుడు అనుభవంలో ఉన్నది ఎవరు, అన్నీ గడుల్లో ఉన్నాయి. ఆ అనుభవదారు మా తాతగారి ముత్తాత. వయసు 34 అని రాసి ఉంది. పేరు తప్ప మరేమీ తెలియని మనిషికి మా ఇంట్లో ఒక్కసారిగా వయసొచ్చింది. నాన్న ఆ రోజంతా "నా కంటే చిన్నవాడు" అనుకుంటూ తిరిగారు.

1862 నాటిది దొరికి, 1962 నాటిది ఎందుకు దొరకలేదు? నెల రోజులుగా నా బుర్రలో తిరుగుతున్నది ఇదే. మన ప్రభుత్వ రికార్డులు నిప్పు వల్ల, నీళ్ల వల్ల, చెదల వల్ల పోతున్నాయని అందరం అనుకుంటాం. అవీ పోతున్నాయి. కానీ అంతకంటే ఎక్కువగా, చప్పుడు లేకుండా, జాబితా పోవడం వల్ల పోతున్నాయని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆర్కైవిస్టు అనే మనిషి చేసే పనిలో అసలు పని కాగితాన్ని దాచడం కాదు. ఏ కాగితం ఎక్కడ పుట్టింది, ఏ వరసలో ఉంది, ఇప్పుడు ఎక్కడుంది అని రాసి పెట్టడం. ఆ పనికి మనం జీతం ఇవ్వడం లేదు, ఇచ్చినా గౌరవం ఇవ్వడం లేదు.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న పెద్దాయన

మా పెద మావయ్యకి ఆ పాత తాలూకా ఆఫీసులో రికార్డు అసిస్టెంటుగా చేసి రిటైరైన ఒకాయన తెలుసు. అటెండరుగా చేరి, ప్రమోషన్ మీద రికార్డు రూంలోకి వెళ్లి, ఇరవై రెండేళ్లు అక్కడే గడిపిన మనిషి. మేం వెళ్లేసరికి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. పట్టా జిరాక్సు చేతికిస్తే పేర్లూ సర్వే నంబర్లూ చూడలేదు. ముందు ఫైలు నంబరు చూశారు.

"ఇది తాలూకా నంబరు కాదు తల్లీ. ఇనాం డిప్టీ తాసిల్దారు ఆఫీసు నంబరు. వీళ్లు తాలూకా కట్టల్లో వెతికుంటారు. అక్కడ వందేళ్లు వెతికినా దొరకదు."

ఆ రోజుల్లో ఇనాంల విచారణకి విడిగా ఒక చిన్న ఆఫీసు ఉండేదట. పని అయిపోయాక దాన్ని మూసేసి, కట్టలు తెచ్చి తాలూకా రికార్డు రూంలో పడేశారు. ఆ కట్టలకి వాటి నంబర్ల వరస వాటికుంది. తాలూకా ఫైళ్ల వరస వేరు. రెండింటిలోనూ 412 ఉంటుంది, ఒకటి మా తాతగారి ఇనాం, ఇంకొకటి ఎవరిదో బావి తగాదా. ఇది తెలిసినవాడు ఫైలుని పది నిమిషాల్లో తీస్తాడు. తెలియనివాడు నిజాయితీగా రోజంతా వెతికి, నిజాయితీగానే "లభ్యం కాలేదు" అని రాస్తాడు.

ఆర్కైవ్స్ పని చదువుకున్నవాళ్లు దీన్ని మొదటి పాఠంగా చెబుతారు. ఏ కాగితాన్నయినా అది పుట్టిన ఆఫీసు పేరుతోనే ఉంచాలి. ఆ ఆఫీసు పెట్టుకున్న వరసను చెదరగొట్టకూడదు. ఊరి పేరు మీదో, విషయం మీదో, అక్షరక్రమం మీదో మన తెలివితో కొత్తగా సర్దకూడదు. వినడానికి చాదస్తంగా ఉంటుంది. నాకూ అలాగే ఉండేది, ఆ పెద్దాయన నంబరు వైపు చూసే దాకా. ఆయన ఏ డిప్లొమా చదవలేదు. "ఈ కాగితం ఎవరిది?" అని ముందు అడగాలన్నది ఆయనకి అలవాటుగా వచ్చేసింది.

(రికార్డు అసిస్టెంటు అంటే రెవెన్యూ ఆఫీసుల్లో అటెండరు పైన మెట్టు, జూనియర్ అసిస్టెంటు కింద మెట్టు. ఎవరికీ అక్కర్లేని సీటు. దుమ్ము పడనివాళ్లు, అంటే ఆస్తమా ఉన్నవాళ్లు కూడా చేశారట. ఎవరి మీదైనా పై అధికారికి కోపం వస్తే వేసేది కూడా ఈ సీటులోనే అని ఆయనే నవ్వుతూ చెప్పారు.)

సామాన్లు సర్దిన ప్రతిసారీ

మరి మిగతా కట్టలేమయ్యాయి అని అడిగాను. ఆయన చెప్పిన కథలో ఎక్కడా దొంగ లేడు, అగ్గిపుల్ల లేదు. తేదీలు మాత్రం ఉన్నాయి.

1984 జనవరిలో కరణం, మునసబుల వ్యవస్థ రద్దయింది. ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో ఉన్న ఊరి లెక్కలు ఆఫీసుకి రావాలి. కొందరు తెచ్చి అప్పగించారు, కొందరు సగం తెచ్చారు, కొందరు చెదలు తిన్నాయన్నారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక తాలూకా రికార్డు రూంలోని కట్టలు ఊళ్లవారీగా విడదీసి నాలుగైదు మండలాలకు లారీల్లో వెళ్లాయి. కట్టలు వెళ్లాయి గానీ రిజిస్టర్లు పాత తాలూకా ఆఫీసులోనే ఉండిపోయాయి. ఒక్క రిజిస్టరుని అయిదుగా చింపలేరు కదా. నకలు రాయించాలి. రాయడానికి మనుషుల్లేరు. 1990 మే తుఫానుకి రికార్డు రూం పెంకులు లేచిపోయాయి. తడిసిన కట్టలు పక్క బడి వరండాలో ఆరబెట్టారు. "ఎండినవాటిని ఎండినట్టు కట్టేశాం తల్లీ. వరస ఎవడు చూస్తాడు? బూజు పట్టకుండా ఉంటే చాలనుకున్నాం." ఈ మాట చెప్పినప్పుడు మాత్రం చిక్కుడుకాయలు పక్కన పెట్టారు.

ఇది విన్నాక రెండు రాష్ట్రాల్లో ఈ మధ్య జరిగిన సర్దుళ్లన్నీ నాకు వేరేగా కనిపించడం మొదలుపెట్టాయి. 2014 విభజన, 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాదు నుంచి వెలగపూడికి తరలడం, అదే ఏడాది తెలంగాణ పది జిల్లాలు 31 కావడం, ఆ తర్వాత 33, 2022 ఏప్రిల్లో ఆంధ్రలో 13 జిల్లాలు 26 కావడం. పాలన దగ్గరకొచ్చిందని సంతోషించాం. కొత్త కలెక్టరేటు బోర్డులు చూసి ఫొటోలు దిగాం. ప్రతి బోర్డు వెనకా ఒక లారీ ఉంది, లారీలో కట్టలున్నాయి. ఏ కట్ట ఏ జిల్లాకి వెళ్లిందో ఎవరో రాసి ఉంటారనే నమ్మకం తప్ప మనకి వేరే ఆధారం లేదు.

2020 సెప్టెంబరు 7న తెలంగాణలో వీఆర్వోలందరూ తమ దగ్గరున్న రికార్డులు మధ్యాహ్నం మూడు గంటల్లోపు అప్పగించాలని ఆదేశాలు వచ్చాయి. ఆలస్యమైతే కాగితాలు మారిపోతాయన్న భయం వెనకున్న కారణం. ఆ భయం అబద్ధం కాదు. కానీ ఒక పూటలో అప్పగింత అంటే, ఏం తీసుకున్నామో పేజీల లెక్కతో రాసుకునే వ్యవధి ఎంత ఉంటుందో ఒక్క కట్ట విప్పి చూసినవాళ్లెవరైనా చెప్పగలరు. సేత్వారు, వసూల్ బాకీ, 1954-55 ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డుల కోసం ఆర్డీవో ఆఫీసుల చుట్టూ తిరిగే తెలంగాణ రైతుని కదిపితే, ఊరి పుస్తకం ఎక్కడున్నదన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఇంకా బాగా తెలుస్తుంది.

ఇక్కడ ఒక అనుమానం. మరీ అమాయకంగా మాట్లాడుతున్నానా? కాలిన ఫైళ్లు కూడా ఉన్నాయి. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో రాత్రిపూట మంటలు రేగి భూముల ఫైళ్లు కాలిపోయాక, అది రాష్ట్రమంతా మాట్లాడుకున్న కేసైంది. మా తమ్ముడైతే మా ఫైలు కూడా ఎవరో కావాలనే మాయం చేశారంటాడు. కావచ్చు. కాకపోతే ఒకటి, జాబితా లేని చోట మాయం చేసేవాడి పని ఎంత సుళువు! ఉన్నదని రాసి ఉంటేనే కదా పోయిందని తెలిసేది. దొంగతనానికీ అజాగ్రత్తకీ తేడా కూడా ఆ జాబితాయే చెప్పాలి. అది లేనప్పుడు రెండూ ఒకే ఉత్తరంగా మనింటికొస్తాయి: లభ్యం కాలేదు.

చట్టం దగ్గర ఈ జవాబుకి విలువ లేదు. సమాచార హక్కు చట్టం 2005లోనే నాలుగో సెక్షన్ మొదటి మాటగా రికార్డులన్నిటికీ జాబితాలు, సూచికలు ఉండాలంది. ఢిల్లీ హైకోర్టు 2013లో, ఒకప్పుడు ఆఫీసులో ఉన్న సమాచారాన్ని కనబడటం లేదన్న మాటతో తోసిపుచ్చడం కుదరదని, గట్టిగా వెతికించాలని, అవసరమైతే బాధ్యులెవరో విచారించాలని చెప్పింది. కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్నప్పుడు మాడభూషి శ్రీధర్ ఆచార్యులు కూడా, ఫైలు కనబడకపోవడం చట్టంలో ఉన్న మినహాయింపు కాదని తన ఉత్తర్వుల్లో తేల్చారు. నేను అప్పీల్లో ఇవన్నీ రాయబోతున్నాను. రాసినంత మాత్రాన అవతలివాళ్ల దగ్గర లేని జాబితా పుట్టుకొస్తుందన్న ఆశ లేదు.

పారేయడం కూడా పనే

ఆర్కైవ్స్ గురించి రాసేవాళ్లు సాధారణంగా ప్రతి కాగితమూ బంగారమే అన్నట్టు రాస్తారు. నేను ఒప్పుకోను. ప్రభుత్వం పుట్టించే కాగితంలో ఎక్కువ భాగం పారేయాల్సిందే. మన జిల్లా ఆఫీసులు ఇప్పటికీ పట్టుకుని వేలాడుతున్న టాటెన్‌హామ్ పద్ధతిలో ప్రతి ఫైలూ మూసే రోజే దాని ఆయుష్షు రాసేస్తారు. ఆర్.డిస్. అయితే శాశ్వతం. డి.డిస్. పదేళ్లు. కె.డిస్. మూడేళ్లు. ఎల్.డిస్. ఏడాది. పద్ధతిలో తప్పేమీ లేదు, బ్రహ్మాండమైన పద్ధతి. గడువు తీరినవాటిని తీసి, జాబితా రాసి, సంతకాలు పెట్టించి తగలబెడితే మిగిలినవి చేతికి దొరుకుతాయి.

జరిగేది అది కాదు. ఆడిట్ అభ్యంతరం వస్తుందేమో, కోర్టు అడుగుతుందేమో అన్న టెన్షన్‌తో ఎవరూ ఏదీ పారేయరు. ముప్పై ఏళ్ల నాటి సెలవు చీటీలు శాశ్వత ఫైళ్ల మీద కూర్చుని ఉంటాయి. రూం నిండిపోయాక, ఎవరో కొత్త అధికారి ఒక ఆదివారం శుభ్రం చేయించమంటారు. అప్పుడు ఏది బయటికెళ్లిందో దేవుడికే తెలియాలి. పారేయడం చేతకాని చోటే, పారేయకూడనిది పోతుంది.

"గడువు తీరినందున ఫలానా తేదీన నిబంధనల ప్రకారం నాశనం చేశాం, నాశన రిజిస్టరులో వరస నంబరు ఇది" అని మాకు ఉత్తరం వచ్చి ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. అది గౌరవంగల జవాబు. కేంద్ర ప్రభుత్వ రికార్డుల కోసం 1993లో చేసిన చట్టం కూడా ఈ తేడాను పట్టించుకుంది. నిబంధన తప్పి రికార్డు నాశనం చేస్తే అయిదేళ్ల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. 1892కి ముందు పుట్టిన కాగితాన్నయితే, పూర్తిగా శిథిలమై పనికిరాదని జాతీయ ఆర్కైవ్స్ అధిపతి తేలిస్తే తప్ప ముట్టుకోకూడదు. మా ఇంటి లెక్క సరిగ్గా ఆ గీతకి అటూ ఇటూ పడింది. తాతగారి ముత్తాత అటు వైపు, తాతగారు ఇటు వైపు.

చట్టం ఉన్నంత మాత్రాన అయిపోలేదు. 2022 డిసెంబరులో జాతీయ ఆర్కైవ్స్ డైరెక్టర్ జనరల్ చందన్ సిన్హా ఒక సభలో చెప్పిన మాటలు పేపర్లో చదివి నేను రెండుసార్లు చూసుకున్నాను. 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు గానీ, హరిత విప్లవం రికార్డులు గానీ తమ దగ్గర లేవన్నారు. 151 మంత్రిత్వ శాఖలూ విభాగాలూ ఉంటే, తమ దగ్గరకు వచ్చినవి 64 సంస్థలవేనన్నారు. దేశం మొత్తానికీ రికార్డు అసిస్టెంటు లాంటి మనిషి బయటికొచ్చి, నాకు కట్టలు అప్పగించలేదండీ అని చెప్పడం అది. ఆ సీటులో కూర్చుని అలా పైకి చెప్పినందుకు ఆయనంటే నాకు గౌరవం.

ఇంకో వైపు వాదన కూడా ఉంది, అది నన్ను ఇబ్బంది పెడుతుంది. ఏది శాశ్వతమో మూసే రోజున గుమాస్తాకి ఎలా తెలుస్తుంది? మూడేళ్లు ఉంచితే చాలన్న అర్జీ, కలరా ఏడాదిలో ఒక ఊరు బావి కోసం పెట్టుకున్నది కావచ్చు. దానికి వందేళ్ల తర్వాత విలువ. తార్నాకలోనే షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ పత్రాలు లక్షకు పైగా ఉన్నాయి. అందులో సైనికుల హాజరు చీటీలున్నాయి. మనిషి ముఖం మీద మచ్చ ఎక్కడుంది, గుర్రం రంగేమిటి, ఒంటి మీద గుర్తేమిటి అని రాసినవి. ఇప్పటి లెక్కలో అది ఎల్.డిస్. కాగితం, ఏడాది తర్వాత పొయ్యిలోకి. మూడున్నర శతాబ్దాల నాటి గుర్రానికి ఉన్న ఆచూకీ మా తాతగారికి లేకపోయిందని నాన్న అంటే, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ గుర్రం దొరకడానికి కారణం మాత్రం అదృష్టం ఒక్కటే కాదు. షికస్తా అనే విరుపుల పారశీ రాత చదవగలిగినవాళ్లు తరాల తరబడి కూర్చుని జాబితాలు రాశారు. 1950లోనే కొన్నిటిని అచ్చేయించారు. ఆ రాత చదవగలిగేవాళ్లు తగ్గిపోతున్నారన్నది వేరే దిగులు.

కాబట్టి గుమాస్తా పొరపాటు పడతాడు, ఆర్కైవిస్టూ పడతాడు. ఆ తీర్పు ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో రాసి ఉండాలన్నంత వరకే నా పట్టు.

స్కాన్ 0001

ఈ మాట ఎత్తగానే అందరూ చెప్పే మందు ఒక్కటే: అన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టేస్తే సరి. నేను సాఫ్ట్‌వేర్లో పని చేసేదాన్ని, నాకు కంప్యూటర్ మీద కోపం లేదు. ఈసీ (భూమి మీది లావాదేవీల ధ్రువపత్రం) కోసం రిజిస్ట్రారాఫీసు మెట్లెక్కి పూట పోగొట్టుకున్న రోజులు గుర్తున్నాయి, ఇప్పుడు ఫోన్లో చూసుకుంటున్నాను. ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో రాత్రి పదింటికి పాత కాగితాలు తిరగేస్తూ కూర్చున్న రోజులున్నాయి. అక్కడ అది పని చేసేది ఎందుకంటే స్కాన్ కంటే ముందు జాబితా ఉంది కాబట్టి.

నా స్నేహితురాలు కొన్నాళ్లు ఒక స్కానింగ్ కాంట్రాక్టులో సూపర్‌వైజరుగా చేసింది. పేజీకి ఇంత అని లెక్క. రోజుకి ఇన్ని పేజీలు కావాలి. వెనక వైపు ఖాళీగా ఉంటే వదిలేయమన్నారు. ఖాళీ అవునో కాదో చూసే తీరిక ఎవరికీ లేదు, పైగా మన ఆఫీసుల్లో అసలు సంగతి రాసేదే వెనకవైపు. మాసిపోయినవి 'రిజెక్ట్' అని పక్కన పెట్టారు, అంటే ముందు కాపాడాల్సినవన్నమాట. ఫైళ్ల పేర్లు స్కాన్ 0001, స్కాన్ 0002, అలా లక్ష దాకా. "మరి ఏది ఏమిటో ఎలా తెలుస్తుంది?" అంటే, "అది వేరే టెండరు" అంది. ఆ వేరే టెండరు వచ్చిందో లేదో తనకి తెలియదు. ఇదివరకు కట్ట విప్పితే పైన ఊరి పేరైనా కనిపించేది. ఇప్పుడు హార్డ్ డిస్కు విప్పితే ఏమీ కనిపించదు.

తను మాత్రం నాతో ఒప్పుకోలేదు. "కాలిపోతే ఫొటో అయినా మిగులుతుంది కదే" అంది. మదనపల్లె తర్వాత ఆ మాటని కొట్టిపారేయలేను. స్కాన్ చేయండి. కాకపోతే స్కానరు ముందు కూర్చునే ఇద్దరిలో ఒకరికి ఆ కాగితం ఏమిటో తెలిసి ఉండాలి. కంప్యూటరే చదివేస్తుంది, జాబితా ఎందుకు అంటారా? మా ఊరి పాత అడంగల్ (సాగు లెక్కల పుస్తకం) పేజీ ఒకటి ఫోనుకి చూపించాను. కరణంగారి గొలుసుకట్టు రాత. ఫోను చాలా ఆత్మవిశ్వాసంతో ఏదో చదివింది. అందులో మా సర్వే నంబరు తప్ప ఒక్క ముక్క సరిగ్గా లేదు. రేపు నేర్చుకుంటుందేమో. నేర్పడానికైనా గొలుసుకట్టు చదవగల మనిషి పక్కన ఉండాలి కదా.

కాగితాన్ని కాపాడటం అన్న మాటకొస్తే, మేమే చేసిన పాపం ఒకటుంది. నలిగిపోతోందని మా తమ్ముడు ఆ రైత్వారీ పట్టాని జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాడు. ఆర్కైవ్స్‌లో కాగితాల మరమ్మతు చేసే ఒకాయనకి చూపిస్తే, పెళ్లికి పిలవని బంధువులా మొహం పెట్టారు. వాళ్లు పల్చటి టిష్యూ, పిండితో చేసిన జిగురు వాడతారట. ముందు సున్నపు తేట నీళ్లలాంటి దానితో కాగితంలోని ఆమ్లం తీస్తారు. ఏది అతికించినా రేపు ఇంకొకరు విప్పగలిగేలా ఉండాలన్నది వాళ్ల నియమం. వేడి మీద అంటుకున్న ప్లాస్టిక్‌ని ఇక ఎవరూ విప్పలేరు. మీ ఇంట్లో పాత దస్తావేజులుంటే దయచేసి ఆ షాపుకి తీసుకెళ్లకండి.

ఇక కొత్తగా పుట్టే రికార్డుల సంగతి. ఈ-ఆఫీస్ వచ్చింది, మంచిదే. కానీ ఇప్పుడు సగం నిర్ణయాలు వాట్సాప్ గ్రూపుల్లో, బొటనవేలు బొమ్మల మీద జరుగుతున్నాయి. వాటికి ఆర్.డిస్. లేదు, ఎల్.డిస్. లేదు. ఫోను మారిస్తే పోతాయి. యాభై ఏళ్ల తర్వాత నా మనవరాలు దేనికి దరఖాస్తు పెట్టుకోవాలి?

నోటుబుక్కు

నా వాదనలో ఒక కంత ఉంది, దాన్ని దాచడం బాగుండదు. తెలిసిన మనిషిని నమ్ముకోమంటున్నాను కదా, ఊళ్లో అన్నీ తెలిసిన మనిషి ఒకప్పుడు కరణం. ఏ గట్టు ఎవరిదో ఆయన పెట్టెలోనే ఉండేది, అందుకే ఊరంతా ఆయన గుమ్మంలో నిలబడేది. కరణాల మీద పద్యాలూ సామెతలూ ఊరికే పుట్టలేదు. రికార్డు రూం గుట్టు ఒక్కడికే తెలిస్తే ఆ ఒక్కడూ చిన్న కరణమే. మన పెద్దాయన ఈ విషయం తనే ఒప్పుకున్నారు. "వెతికి పెట్టినందుకు ఇస్తే పుచ్చుకున్నానమ్మా. అడగలేదు గానీ వద్దనలేదు." నాకు ఆయన మీద ఏర్పడ్డ గౌరవం ఆ మాటతో కొంచెం తగ్గింది. కాసేపటికి, ఎందుకో, మళ్లీ పెరిగింది. మనిషి బుర్రలో ఉన్నంతకాలం అది అధికారం. కాగితం మీదికెక్కి నలుగురికీ కనిపిస్తేనే అది జాబితా. నేను అడుగుతున్నది రెండోదే అయినా, దాన్ని రాయడానికి మొదటిది ఉన్న మనిషే కావాలి. ఈ ముడి ఎలా విప్పాలో నాకు తెలియదు.

లేవబోతుంటే ఆయన లోపలికి వెళ్లి ఒక పొడవాటి నోటుబుక్కు తెచ్చారు. ఎర్ర రెక్సిను అట్ట, మూలలు చిరిగి ఉన్నాయి. తుఫాను తర్వాత రెండు వానాకాలాలు కూర్చుని రాసుకున్నదట. ఏ బీరువా, ఎన్నో అర, ఎన్నో కట్ట, ఏ ఆఫీసుది, ఏ ఊళ్లు, ఏ ఏళ్లు. 1985లో ఏ కట్ట ఏ మండలానికి వెళ్లిందో కూడా, తనకు తెలిసినంత వరకు, పెన్సిలుతో పక్కన. రిటైరయ్యే రోజున దీన్ని అప్పగించబోతే, కొత్తగా వచ్చినాయన తిరగేసి, "దీనికి ఫైలు నంబరు లేదు కదా, ఏ రిజిస్టర్లో ఎక్కించను?" అన్నారట. అందుకని ఇంటికి తెచ్చేసుకున్నారు. ప్రభుత్వ జాబితా రిటైరైన ఉద్యోగి ఇంట్లో ఉండటం తప్పు అని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

27వ పేజీలో మా ఊరు ఉంది. ఇనాం డి.టి. (డిప్టీ తాసిల్దారు) అని, 1961 నుంచి 63 అని, కట్ట నంబరు 19 అని ఉంది. పక్కన పెన్సిలుతో, మేం ఇంతదాకా అడగని ఒక పక్క మండలం పేరు.

పుస్తకం మొత్తం ఫోనులో ఫొటోలు తీసుకున్నాను, వెనక పేజీలతో సహా. పోయిన సోమవారం ఆ పక్క మండలం ఆఫీసులో 27వ పేజీ జిరాక్సు జతచేసి కొత్త దరఖాస్తు ఇచ్చాం. ఉత్తరాలూ దరఖాస్తులూ తీసుకునే అమ్మాయి ఆ పేజీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎక్కడిదండీ? ఇంకా ఉందా? మాకూ ఒక కాపీ ఇస్తారా?" అంది. రేపు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి ఇస్తున్నాను. ముందు ఫొటోల పేర్లు మార్చాలి. అన్నీ ఐఎంజీ 4471, ఐఎంజీ 4472 అనే ఉన్నాయి.